పిలవలేని పేరు

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు, హఫీజ్‌పేట్ స్టేషన్‌లో మా ఆయన నీళ్ల కోసం రైలు దిగాడు. ఆయన కుళాయి దగ్గర ఉండగానే బండి కూత వేసింది. భర్త పేరు నోట పలకడం మాకు సిగ్గుచేటు. కిటికీలోంచి చెయ్యి మాత్రం ఊపాను. ఆయన చూడలేదు.

ఎదుటి సీట్లో గౌను తొడుక్కున్న ఆంగ్లో-ఇండియన్ రైల్వే దొరసాని "టామీ!" అని కేకేసింది. ఆమె భర్త పరుగున వచ్చి ఎక్కాడు.

"మీ ఆయన పేరేంది? జల్ది చెప్పు, నేను పిలుస్త," అంది నాతో.

తల వంచుకున్నాను.

"అరె, బండి పోతుంటె గూడ సిగ్గేనా?" అని తలుపు దగ్గరికి వెళ్లి అరిచింది. "ఓ ఈమె మొగుడా! ఉరికి రా!"

పెట్టెంతా నవ్వింది. ఆయన ఎక్కాడు. నాలో కృతజ్ఞత కంటే ముందు ఆ గొంతు మీద అసూయ పుట్టింది.

మా ఆయనది దేవుడి పేరే. భజనలో ఆ నామం వచ్చినప్పుడు ఇప్పటికీ నా పెదవులు మూసుకుంటాయి. చుట్టూ అందరూ స్వామిని గొంతెత్తి, పేరు పెట్టి పిలుస్తుంటారు.