కూడాలని చెప్పాను

ఇన్నేళ్లుగా నేను మోస్తున్నది ఒకే ఒక్క మాట. "కూడాల" అన్నాను. అంతే. దొంగతనం చేయలేదు, ఎవరి మీదా చెయ్యెత్తలేదు. మరి ఇంత బరువెందుకు? మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

డెబ్బైల చివర్లో మార్తమ్మా నేనూ ఆళ్లగడ్డలో పదో తరగతి చదివాం. క్లాసులో ఆమె మొదట, నేను తర్వాత. ఎప్పుడూ అంతే. ఆ ఏడు మా ఇద్దరినీ నంద్యాలకు ఒక పరీక్షకు పంపారు. నెగ్గిన ఒక్కరికే అక్కడి కాలేజీలో చదువు, హాస్టలు ఉచితం. "సీటొస్తే చదువు, రాకుంటే ఇంట్లో ఉండు" అన్నాడు మా నాయన. మార్తమ్మకు ఆ మాట ఎవరూ చెప్పనక్కరలేదు. శనగ పీకే రోజుల్లో వాళ్లమ్మతో కూలికి పోయి, పెద్ద సంఖ్యలను పది ఘాతాలతో కుదించి రాసే పాఠం వినలేకపోయింది.

బస్సులో నన్నే అడిగింది.

"మే, దూరాన్ని వేగంతో భాగించేటప్పుడు పదుల నెత్తిన ఉండే అంకెలు కూడాల్నా, తీసేయాల్నా?"

తీసేయాలి. నాకు బాగా తెలుసు.

"కూడాల," అన్నాను.

"గుణించేదానికి గదా కూడేది?"

"రెండిటికీ అంతే."

ఆమె కళ్లు మూసుకుని ఆ మాటే వల్లె వేసుకుంది. నంద్యాల ఇంకా చాలా దూరముంది. "కాదు, తప్పు చెప్పాను" అనడానికి కావలసినంత దారి ఉంది. నోరు తెరవలేదు. నాయన మాటకు భయమా? లేక ఏటేటా రెండోదానిగా మిగిలిపోయి, ఒక్కసారైనా ఆమెను వెనక్కి నెట్టాలనిపించిందా? ఇప్పటికీ తేల్చుకోలేను. భయమని చెప్పుకుంటే కాస్త నిద్ర పడుతుంది.

పరీక్షలో అదే లెక్క వచ్చింది. సూర్యుడి దూరం, వెలుగు వేగం, రెండూ పది ఘాతాల్లో ఇచ్చి, వెలుగు భూమికి ఎంతసేపట్లో చేరుతుందని అడిగారు. ఐదు వందల సెకన్లని రాశాను.

బయట ఎండలో నిలబడి మార్తమ్మ అంది: "ఐదు పక్కన పద్దెనిమిది సున్నాలొచ్చినాయి మే. అట్లయితే ఈ ఎండ ఈడికి ఎప్పుడొచ్చేది?"

"నాకూ అట్లే వచ్చింది," అన్నాను. బస్సులో అన్నదానికన్నా ఈ మాటే నన్ను ఎక్కువ తింటోంది.

సీటు నాకొచ్చింది. ఆమెకు దొర్నిపాడులో పెళ్లి చేశారు. నేను లెక్కల టీచర్నయ్యాను. ఆ పాఠం చెప్పేటప్పుడు బోర్డు వైపే తిరిగి ఉంటాను, ఆడపిల్లల ముఖాలు చూడలేను.

కొన్నేళ్ల తర్వాత ఆళ్లగడ్డ బస్టాండులో కనిపించింది. చంకలో బిడ్డ. నన్ను చూసి ఎంత సంబరపడిందో!

"తీసేయాలంట గదా మే, తర్వాత ఎవరో చెప్పినారు. నువ్వు సరిగ్గానే చెప్పింటావు. నేనే తప్పు ఇనింటా," అని నవ్వింది.

చెప్పేయాలనుకున్నాను. నోటిదాకా వచ్చింది. ఇంతలో నంద్యాల బస్సొచ్చింది. ఎక్కేశాను. తర్వాత ఆమెను వెతుక్కుంటూ పోయానా? లేదు. పోవడానికి సెలవులు లేకనా?

ఆమెకు చెప్పాల్సింది మీకు చెబుతున్నాను. దీనితో ఆమెకు ఒరిగేదేమీ లేదు. క్షమించమని అడిగే ముఖం నాకు లేదు, క్షమించడానికి మీరు మార్తమ్మ కాదు.

మార్తమ్మ సరిగ్గానే వింది. నేనే, తెలిసి, తప్పు చెప్పాను.

ఈ రెండు మాటలూ రాశాక, కాస్త ఊపిరాడుతోంది.