వంకర దుంగలు పంపవలెను

వలస కార్మికుడి కథ అనగానే జేబురుమాలు తీసేవాళ్ళు దాన్ని మళ్ళీ జేబులో పెట్టేసుకోవచ్చు. అబ్బులు ఏడవడు. ఎదుటివాళ్ళకు ఏడ్చే ఖాళీ కూడా ఇవ్వడు, అంతగా మాట్లాడుతూ ఉంటాడు. బహ్రెయిన్‌లోని అరాద్‌లో ఒక చెక్కపని షాపులో పదకొండేళ్ళుగా హెల్పరు. ఊరు తాళ్లరేవు. ఎవరితోనైనా అతను చెప్పే మొదటి మాట తన పేరు. రెండోది, "మాది పడవలు కట్టే ఇల్లండీ."

క్యాంపులో పక్క మంచం బాలన్నది. జగిత్యాల దిక్కు మనిషి, తోటపని చేస్తాడు. "మీ నాయిన కట్టిండు పడవలు. నువ్వేం గట్టినవ్?" అని అడిగినప్పుడల్లా అబ్బులుకు దగ్గు వస్తుంది. నిజమేమిటంటే అబ్బులు జన్మలో ఒక్క పడవా కట్టలేదు. తండ్రి వెనక చేలగట్ల మీద తిరిగి తుమ్మచెట్లు చూడటం వరకే అతని చదువు. ఈలోగా ఊళ్ళో ఫైబరు పడవలొచ్చాయి, అబ్బులు విమానమెక్కాడు.

ఈ మధ్య పక్కనే ముహర్రఖ్‌లో ఒక పాత పడవల కుటుంబం సొంతింట్లోనే చిన్న మ్యూజియం పెట్టింది. అందులో ముఖ్యమైనది ఒక ఉత్తరం. రెండొందల ఏళ్ళ కిందట, యుద్ధ ఓడలకు కలప సమకూర్చే ఇంగ్లీషు అధికారి ఒకడు గోదావరి తీరంలోని వర్తకుడికి రాసింది, పడవల వ్యాపారంలో ఈ కుటుంబం చేతికి చేరింది. దాని పక్కన మనిషెత్తున ఒక పడవ పక్కటెముకల గూడు నిలబెట్టాలి. ఆ పని అబ్బులు షాపుకు వచ్చింది. సూపర్‌వైజరు శ్రీనివాసరాజు ఉత్తరం నకలు తెచ్చి అందరికీ తెలుగులో చదివి వినిపించాడు:

"మీరు పంపిన దుంగలు చూడ్డానికి ముచ్చటగా ఉన్నవి. నాకు పనికిరావు. నిటారు కర్ర నా దగ్గర కొండలా పడి ఉన్నది. వంకర దుంగలు పంపవలెను. ఎంత వంకరైతే అంత మంచి ధర."

"తాగి రాసుంటాడు," అని తేల్చేసి, రాజుగారు నిటారైన టేకు పలకలు తెప్పించి, వాటిలోంచి వంపు పక్కటెముకలు మిషన్ మీద కోయించాడు. పెళ్ళికొడుకుల్లా వచ్చాయి. బోల్టులు బిగించగానే మూడు, వంపు దగ్గర టప్పున విరిగాయి.

అబ్బులు నవ్వాడు. నవ్వకుండా ఉండాల్సింది.

"ఏరా, ఏటా నవ్వు?"

"అబ్బే, ఏం లేదండి రాజుగారూ. నిటారు చెక్కని వంపుగా కోసేత్తే దాని నార తెగిపోద్ది కదండీ. వంపు చెట్టులోనే ఉండాలండి. ఆ దొరగారు తాగలేదండి."

"ఓహో, మీది పడవల ఇల్లు కదూ! అయితే నువ్వే కట్టు. వచ్చే గురువారానికి నిలబడాలి. నిలబడలేదో, ఈ షాపులో నీ నోట పడవన్న మాట రాకూడదు."

తొమ్మిదిమంది విన్నారు. పదకొండేళ్ళ గొప్పలన్నీ వారం రోజుల్లో తేలిపోతాయన్నమాట.

ఆ సాయంత్రం అబ్బులు బాలన్న మంచం మీద కూలబడ్డాడు. "నాకు కట్టడం రాదు బాలన్నా. చెట్టు చూడ్డం ఒక్కటే వచ్చు."

"గది నాకు పదకొండేండ్ల సంది ఎరుకనే. చెట్టుల ఏం జూస్తవో గది చెప్పు."

వాళ్ళ నాన్న ఇనుప ఊచను పక్కటెముక వంపుకు తగ్గట్టు వంచి, భుజాన వేసుకుని పొలాలు తిరిగేవాడు. నచ్చిన కొమ్మకు ఊచ ఆనించి చూసేవాడు. అతుక్కుంటే బేరం, లేకపోతే ఇంకో పొలం. అంతే విద్య. అబ్బులు షాపులో ఉన్న పడవ డ్రాయింగ్ చూసుకుని ఐదు ఊచలు వంచాడు. ఇక చెట్లు కావాలి. బహ్రెయిన్‌లో అడవి ఎక్కడుందని అడిగితే ఈసారి తాగింది తనేనంటారు. కానీ ఈసా టౌన్ వైపు తోటల్లో నరికిన కొమ్మలన్నీ బాలన్న కంపెనీ ఒక చోట గుట్ట పోస్తుంది. బాలన్న ఫోర్‌మన్‌ను అడిగాడు. "తీసుకుపో, ఖలాస్," అన్నాడాయన.

శుక్రవారం సెలవు. ఐదు వంకర ఊచలతో బస్సెక్కిన ఇద్దర్నీ డ్రైవరు అద్దంలో చూస్తూనే ఉన్నాడు.

గుట్ట దగ్గర బాలన్న ఒక వేపమాను లాగాడు. "గిది జూడు, ఎంత సక్కగుందో!"

"అది బుద్ధిమంతుడు బాలన్నా. మనకి ఎదవలు కావాలి."

మధ్యాహ్నం దాకా ఎదవలకోసం వెతికారు. చివరికి అడుగున, బాగా ఎండిన ఒక ముదురు రేగు కొమ్మ దొరికింది. ఊచ ఆనిస్తే, దానికోసమే పెరిగినట్టు అతుక్కుపోయింది. అబ్బులు కాసేపు ఏమీ మాట్లాడలేదు. బాలన్న హడలిపోయాడు. "ఏమైందిరా, పాణం బాగలేదా?"

ఒకటి దొరికాక మిగతావి ఎక్కడ చూడాలో తెలిసింది. సరిపడా కొమ్మలు షాపు పికప్‌లో చేరాయి. చెక్కి బిగించింది షాపులో అసలు వడ్రంగి గణపతి. అబ్బులు పక్కన నిలబడి "నార వెంటే వెళ్ళండి, దాన్ని దాటకండి" అని వందసార్లు చెప్పి, యాభైసార్లు తిట్లు తిన్నాడు. బుధవారం బోల్టులు బిగించారు. టప్పు లేదు. రాజుగారు స్వయంగా కాలితో తన్ని చూశాడు. కాలు నొప్పెట్టింది.

గురువారం మ్యూజియంలో ఆ ఇంటి పెద్దాయన వచ్చి, పక్కటెముకల మీద అరచేయి వేసి చివరిదాకా నడిచాడు. ఆయన తాత పడవల యజమాని. "ఎవరు కట్టారు?" అని హిందీలో అడిగాడు.

రాజుగారు అబ్బులును చూపించాడు. పదకొండేళ్ళుగా చెప్పుకున్న గొప్ప, ఇవాళ ఇంకొకరి చేతి మీదుగా ఊరికే వచ్చి పడుతోంది. బాలన్న కూడా లేడు అడ్డుకోవడానికి. అబ్బులు పక్కనున్న గణపతి వైపు చూశాడు.

"కట్టింది ఈయన సార్. నేను కర్ర చూశాను, అంతే."

పెద్దాయన గోడ మీది ఉత్తరం వైపు వేలు చూపించాడు. "ఇందులో అడిగిందీ అదే కదా."

అబ్బులు మారిపోయాడని ఎవరూ పొరబడొద్దు. రెండో మాట మారిందంతే. "పడవ ఎవడన్నా కడతాడండీ. కర్ర చూడాలి, కర్ర!" ఇప్పుడు బస్సులో కిటికీ పక్క సీటు అతనిదే. రోడ్డు పక్క చెట్లన్నిటికీ మార్కులు వేస్తుంటాడు. బాలన్న ఊరుకోడు.

"మీ నాయిన కట్టిండు, గణపతి కట్టిండు. నువ్వేం గట్టినవ్?"

"నేను కట్టలేదు బాలన్నా," అంటాడు అబ్బులు, కిటికీలోంచి తల తిప్పకుండా.

దగ్గు మాత్రం రావడం లేదు.