సంతోషం మందు అని చెప్పినందుకు

2018 ఫిబ్రవరి. ఆదోనిలో పత్తి మార్కెట్టుకు పోయే దారిలో ఉన్న ఒక పిల్లల క్లినిక్‌లో నేను హెడ్ నర్సుగా చేస్తున్నాను. అప్పటికి ఆ పనిలో ఇరవై ఆరేళ్లు. దీపా, వంశీ, మీరిద్దరూ పూణే నుంచి ఫోన్ చేసినప్పుడల్లా "అవ్వా, ఆస్పత్రి కథలు చెప్పు" అంటారు కదా. ఇన్నాళ్లూ నవ్వొచ్చేవే చెప్పాను. మొన్న దీప "ఆటిజంలో సెరటోనిన్ పాత్ర ఏమిటని చదువుతున్నాం" అన్నాక, ఇన్నాళ్లూ చెప్పకుండా దాటేసినది కూడా రాసి చెప్పాలనిపించింది.

మా క్లినిక్‌లో నా పని సూదులు వేయడం ఒక్కటే కాదు. డాక్టరు గది బయట ఒక బల్ల ఉండేది. లోపల చూపించుకుని వచ్చినవాళ్లు చీటీ పట్టుకుని నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చేవారు. "ఏం సెప్పినాడు సిస్టరమ్మా సారు?" అనేవారు. లోపల డాక్టరు చెప్పింది తెలుగే. అయినా అర్థమయ్యేది కాదు. నేను వాళ్ల మాటల్లో మళ్లీ చెప్పేదాన్ని. దాన్ని కౌన్సెలింగ్ అంటారు, అంటే మందు ఎందుకు, ఎలా, ఏం జాగ్రత్త అని విడమర్చి చెప్పడం. ఆ బల్ల దగ్గర నాకు మంచి పేరుండేది. "ఆయమ్మ సెప్తే సిన్నపిల్లోనికైనా అర్తమైతాది" అనేవారు. ఆ పేరంటే నాకు చాలా ఇష్టం. అంత ఇష్టం ఉండకూడదని తర్వాత తెలిసింది.

సువార్తమ్మది నందవరం దగ్గర ఒక పల్లె. కూలి పని. భర్త ఆ నెలల్లో గుంటూరు వైపు మిరపకాయ కోతలకు పోయి ఉన్నాడు. ఆమె మాత్రం కూతురి కోసం ఊళ్లోనే ఉండిపోయింది. కూతురు గ్రేసీకి ఏడేళ్లు. ఆటిజం. అంటే మెదడు పుట్టుకతోనే వేరే తీరుగా అల్లుకుని ఉండటం. మాట లేదు. ఏదైనా కావాలంటే అడగడం రాదు. అడగలేక తలను గోడకేసి కొట్టుకునేది. బస్సు హారన్ వింటే చెవులు మూసుకుని కిందపడి దొర్లేది. నుదుటి మీద ఎప్పుడూ ఒక కాయ కట్టినట్టు ఉండేది.

మంగళవారం మంగళవారం మా క్లినిక్‌కు ఒక స్పీచ్ థెరపిస్టు వచ్చేది. మాట రాని పిల్లలకు మాటో, దాని బదులు సైగో నేర్పే ఆమె. సువార్తమ్మ పిల్లను ఎత్తుకుని ఎమ్మిగనూరు దాకా ఆటో, అక్కడి నుంచి ఆదోనికి బస్సు ఎక్కి వచ్చేది. ఆరు నెలలు అలా తిరిగింది. ఆ జనవరిలో ఒకరోజు నా బల్ల దగ్గరికి పరుగున వచ్చింది.

"సిస్టరమ్మా, ఏలు సూపిచ్చింది!"

"ఏం వేలు? ఎవరు?"

"మా గ్రేసీ! కడవ తట్టు ఏలు సూపిచ్చింది. నీళ్లు కావల్లని. నేను అట్లే కూలబడిపోతిని సిస్టరమ్మా. ఏడేండ్లకు నా బిడ్డ నన్నొకటి అడిగింది."

కుడిచేతి చూపుడువేలు. అంతే. కానీ అడగడం వచ్చిన రోజు నుంచి పిల్ల తల కొట్టుకోవడం తగ్గింది. థెరపిస్టు కూడా "ఇప్పుడు మధ్యలో మానకూడదు, వేలు చూపడం వచ్చిందంటే వెనకాలే ఇంకా చాలా వస్తాయి" అంది. పిల్లకు భయం మాత్రం తగ్గలేదు. బస్సులో వచ్చినంతసేపూ వణుకుతూనే ఉండేది.

నెలకొకసారి, రెండో శనివారం, కర్నూలు నుంచి పిల్లల సైకియాట్రిస్టు వచ్చేవారు. ఆ ఫిబ్రవరిలో ఆయన గ్రేసీని చూసి, ఆ భయానికి చాలా తక్కువ మోతాదులో ఫ్లూయాక్సిటిన్ సిరప్ రాశారు. ఇది ఎస్.ఎస్.ఆర్.ఐ. అనే రకం మందు. మెదడులో ఒక నరం నుంచి ఇంకో నరానికి కబురు మోసే పదార్థాల్లో సెరటోనిన్ ఒకటి. కబురు అందించాక మొదటి నరం దాన్ని వెనక్కి పీల్చేసుకుంటుంది. ఈ మందు ఆ పీల్చుకోవడాన్ని అడ్డుకుంటుంది. సెరటోనిన్ కాస్త ఎక్కువసేపు నిలుస్తుంది. కొందరికి భయం, దిగులు తగ్గుతాయి.

చీటీ నా చేతికిస్తూ ఆయన నాతో అన్నారు. "సిస్టర్, ఆటిజం పిల్లల్లో ఈ మందు ఒక్కోసారి ఎదురు తిరుగుతుంది. మొదటి మూడు వారాలు జాగ్రత్త. పిల్ల అతిగా హుషారైనా, నిద్ర తగ్గినా, ముందూ వెనకా చూడకుండా దూకుతున్నా వెంటనే నాకు ఫోన్ చేయండి. తల్లికి బాగా చెప్పండి."

దాన్ని బిహేవియరల్ యాక్టివేషన్ అంటారు. మందు వల్ల ఒంట్లో లేని వేగం పుట్టడం. నాకు తెలియనిది కాదు.

బయట సువార్తమ్మ పిల్లను ఒళ్లో అదిమి పట్టుకుని కూర్చుంది. చీటీ ఆమెకు ఇచ్చాను. "పిచ్చి మందా సిస్టరమ్మా?" అని అడిగింది. "మా అత్త సెప్పింది, మెదడు మందులిస్తే పిల్ల మొద్దుబారిపోతాదంట. నాకు బయమైతాంది."

ఆమె చీటీ మడిచి నాకే తిరిగి ఇచ్చేలా ఉంది. ఆ క్షణంలో నాకు ఒకటే అనిపించింది, ఈమె మందు ఇవ్వదు అని. జాగ్రత్తలు చెప్తే ఇంకా భయపడుతుంది. అందుకని ఇలా చెప్పాను:

"పిచ్చి మందు కాదమ్మా. మన తలకాయలో సంతోషం పుట్టించే రసం ఒకటుంటాది. మీ పాపకు అది తక్కువుండాది. ఈ మందు దాన్ని పెంచుతాది. అంతే."

ఆమె ముఖం విచ్చుకుంది. "సంతోషం మందా?"

"ఆ, అట్లే అనుకో."

డాక్టరు చెప్పిన ఆ మూడు జాగ్రత్తల్లో నేను చెప్పింది ఒక్కటే, అది కూడా మెత్తగా: "నిద్రలో కొంచెం తేడా రావచ్చు, కంగారుపడొద్దు." దీపా, నువ్వు ఇది చదివి అవ్వ మర్చిపోయిందేమో అనుకుంటావు. మర్చిపోలేదు. తెలిసే దాచాను. మంచికే అనుకుని దాచాను.

ప్రతి సోమవారం నేను ఇలాంటి పేషెంట్లకు ఫోన్ చేసి, ఫాలో-అప్ పుస్తకంలో ఒక ముక్క రాసేదాన్ని. మొదటి సోమవారం "ఏం తేడా లేదు సిస్టరమ్మా" అంది. రెండో సోమవారం ఫోన్ ఎత్తగానే ఆమె గొంతు ఎగిరిపడుతోంది.

"నగుతాండాది సిస్టరమ్మా! మూడు దినాల్నుంచి ఒకటే నగు. ఈ మంచం మీద నుంచి ఆ మంచం మీదికి దుంకేది, వాకిట్లోకి ఉరికేది. మా ఈదోళ్లంతా వచ్చి సూసిపోతాండారు."

"నిద్ర?"

"యాడ నిద్దర? సంతోషం వచ్చిందంటివి కదా. సంతోషమున్నోళ్లకు నిద్దరెట్ల వస్తాది?"

నేను నవ్వాను. పుస్తకంలో "చాలా బాగుంది" అని రాశాను.

మర్నాడు మంగళవారం గ్రేసీ క్లినిక్‌కు వచ్చింది. నా కళ్లతోనే చూశాను. హాలంతా పరుగు, కుర్చీలెక్కి దూకడం, కారణం లేని నవ్వు. ఏడేళ్లు ముడుచుకుని ఉన్న పిల్ల అది. మాకందరికీ చూడముచ్చటగా ఉంది. మా ఆయా చాక్లెట్ కూడా ఇచ్చింది. థెరపిస్టు మాత్రం బయటికొచ్చి, "ఈరోజు ఒక్క నిమిషం కూర్చోలేదు సిస్టర్, వేలు కూడా చూపలేదు, ఎందుకో" అంది. "సంతోషంలో ఉందిలేమ్మా" అన్నాను. తల్లికి నేను చెప్పిన మాటను నేనే నమ్మేశాను.

గురువారం మధ్యాహ్నం సువార్తమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతోంది. పిల్ల మెట్లెక్కి మిద్దె మీదికి పోయి, అక్కడి నుంచి నవ్వుతూ దూకింది. కింద జొన్నచొప్ప కుప్పేసిన వాము ఉండబట్టి ప్రాణం దక్కింది. కుడి చెయ్యి విరిగింది.

ఇదంతా నాకు తెలిసింది సోమవారం, ఎప్పటిలాగే ఫోన్ చేసినప్పుడు. ఆమె అరవలేదు. జరిగింది ఒక్కొక్క ముక్కగా చెప్పి, చివర అంది:

"మందు పారబోసినా. ఆ సంతోషం మాకొద్దు సిస్టరమ్మా."

ఆ వెంటనే కర్నూలు డాక్టరుకు ఫోన్ చేశాను. దాచకుండా చెప్పాను, ఏం చెప్పానో, ఏం చెప్పలేదో. ఆయన అన్నారు:

"తల్లి మందు ఆపి మంచి పని చేసింది. ఒకటి అడుగుతాను సిస్టర్. ఆ పిల్లకు సెరటోనిన్ తక్కువని మీకు ఎవరు చెప్పారు?"

"పెంచే మందు ఇచ్చారు కదా సార్, తక్కువ ఉంటేనే కదా ఇస్తారు అనుకున్నాను."

"అలా కాదు. రక్తంలో చూస్తే ఆటిజం ఉన్న కొందరు పిల్లల్లో అది మామూలు కంటే ఎక్కువే ఉంటుంది. ఒంట్లోని సెరటోనిన్‌లో ఎక్కువ భాగం పేగుల్లో పుడుతుంది. రక్తంలోది మెదడులోకి పోదు. కాబట్టి రక్తం చూసి మెదడులో ఎంతుందో చెప్పలేం. ఆటిజంలో దాని పాత్ర ఉందని అనుకుంటున్నాం. ఏమిటో పూర్తిగా తెలియదు. ఈ మందు ఆటిజానికి కాదు, భయానికి ఇచ్చాను. పని చేయొచ్చు, చేయకపోవచ్చు. అందుకే ఆ జాగ్రత్త."

ఆయనకే తెలియదన్నదాన్ని నేను బల్ల దగ్గర తెలిసినట్టు చెప్పాను.

ఆ ఆదివారం ఎమ్మిగనూరుకు బస్సెక్కి, అక్కడ ఆటో పట్టుకుని ఆ పల్లెకు పోయాను. సువార్తమ్మ అత్త గడప మీదే కూర్చుని ఉంది. నన్ను ఎగాదిగా చూసింది.

"ఏమ్మా, ఈసారి ఏం బుడ్డి తెచ్చినావు? ఏడుపు మందు తెచ్చినావా?"

"ఏం తేలేదు పెద్దమ్మా. మాట్లాడిపోదామని వచ్చినా."

"మాటలు బాగనే సెప్తావంట కదా."

"అత్తా, గమ్మునుండు" అంటూ సువార్తమ్మ లోపలి నుంచి వచ్చి నాకు పీట వేసింది. మూల గ్రేసీ కూర్చుని ఉంది. నవ్వు పోయింది. కుడి చెయ్యి వెదురు బద్దలు పెట్టి మోచేతి దాకా నాటుకట్టు. వేళ్లు కూడా గుడ్డలోనే ఉన్నాయి. దాహమైనట్టుంది, కడవ వైపు చూస్తూ వెనక గోడకు తల కొట్టుకోవడం మొదలుపెట్టింది. మొదటి దెబ్బకే తల్లి నీళ్లు ముంచుకుని పరిగెత్తింది.

నేను ఆమెకు అన్నీ చెప్పాను. డాక్టరు ఏం జాగ్రత్త చెప్పమన్నారో, నేనెందుకు చెప్పలేదో. "పాపకు రసం తక్కువుండాదని నేను చెప్పింది తప్పమ్మా. తక్కువో ఎక్కువో మాకెవరికీ తెల్దు."

ఆమె పాప పక్కనే కూర్చుని వినింది. తర్వాత అడిగింది.

"అయితే, నా వల్ల గాదా?"

"నీ వల్లనా? ఏంది?"

"పాప కడుపులో ఉన్నప్పుడు నేను శానా ఏడ్సినా సిస్టరమ్మా. మా అమ్మ సచ్చిపోయింది ఆ ఏడే. నువ్వు సంతోషం రసం తక్కువ అంటానే అనుకున్నా, నా ఏడుపే బిడ్డకు పోయిందని. ఈ నెలంతా అదే అనుకుంటా ఉండా. అందుకే అది నగుతాంటే నేను ఆపలే. నగనీలే అనుకున్నా."

మందు గురించి చెప్పాల్సిన మాటలన్నీ సర్దుకుని వచ్చాను గానీ, ఇది వినాల్సి వస్తుందని అనుకోలేదు. ఆమె చేయి పట్టుకుని, "నీ ఏడుపుకూ దీనికీ ఏం సంబంధం లేదమ్మా" అని మూడుసార్లు చెప్పాను. ఆ ఒక్కటీ నాకు ఖాయంగా తెలిసిన మాట. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. నమ్మిందో లేదో తెలియదు. అంతకుముందు కూడా నేను అంతే గట్టిగా చెప్పాను కదా.

"మందు వద్దు సువార్తమ్మా. మంగళవారం మాత్రం మానుకోవద్దు. ఎడమ చేత్తో నేర్పిస్తారు. పాప ఇప్పుడే అడగడం నేర్సింది."

"సూస్తాలే. మా ఆయన వచ్చినాక మాట్లాడతా."

లేస్తుంటే గుమ్మం దాకా వచ్చి, కోపం లేకుండానే అడిగింది: "ఇదంతా ముందే సెప్పింటే ఏం పోతుండె సిస్టరమ్మా? నేను బయపడతా ఉంటి, అంతే కదా. బయపడి కనిపెట్టుకుని ఉంటి."

ఆ మంగళవారం రాలేదు. ఆ తర్వాతా రాలేదు. భర్త వచ్చి తల్లీపిల్లలిద్దరినీ తనతో పాటు కోతలకు తీసుకుపోయాడని వాళ్ల ఊరివాళ్లు చెప్పారు. ఆమె నంబరు కొన్నాళ్లు మోగింది, తర్వాత మోగడం కూడా ఆగిపోయింది. గ్రేసీకి ఇప్పుడు పదిహేనేళ్లు దాటి ఉంటాయి. కట్టు విప్పాక ఆ వేలు మళ్లీ దేనివైపైనా చూపిందో లేదో నాకు తెలియదు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఆ బల్ల దగ్గర నా పని తీరు మారింది. ఏం మంచి జరగొచ్చో తర్వాత, ఏం చెడు జరగొచ్చో ముందు చెప్పేదాన్ని. వాళ్ల చేత మళ్లీ చెప్పించుకునేదాన్ని. తెలియనిదాన్ని "మాకు తెల్దమ్మా" అనేదాన్ని. ఒకామె అది విని, చీటీ నా బల్ల మీదే పెట్టి బిడ్డను ఎత్తుకుని వెళ్లిపోయింది. నేను ఆపలేదు. నా గురించి "ఆయమ్మ బయపెడతాది" అనే పేరు కూడా వచ్చింది. వస్తే రానీ అనుకున్నాను.

తల్లికి భయం ఉండాలి పిల్లలారా. బిడ్డను కనిపెట్టుకుని ఉండేది ఆ భయమే. నేను దయ అనుకుని సువార్తమ్మ దగ్గర నుంచి దాన్నే తీసేశాను.