పంపు ఆపరేటరు, అక్క వెంపలి

నేను ఊరి బడిలో ఐదో తరగతి దాకానే చదివాను. అయినా ముప్పై నాలుగేళ్ళు పట్నం మంచినీళ్ళ పంపు నా చేతిలోనే నడిచింది. ఒక్క పూట ట్యాంకు ఎండనివ్వలేదు. మోటారు కాలిపోయిన రోజు కూడా షెడ్డులో పడున్న పాత మోటారుని మూడు గంటల్లో బిగించి, పొద్దెక్కేలోగా కుళాయిల్లో నీళ్ళు పారించాను. పెద్ద ఇంజనీరు నలుగురిలో నా భుజం తట్టాడు. ఆ ఫొటో ముందుగదిలో ఉంది, వచ్చినవాళ్ళు చూడొచ్చు. వచ్చేవాళ్ళే తక్కువ.

ఇంట్లో ఉండేది నేనూ మా అక్కా. బావ చిన్నవయసులోనే పోతే నా దగ్గరికి వచ్చేసింది. నాకు పెళ్ళి కాలేదు. వేళకాని వేళ పంపు దగ్గరికి పరిగెత్తేవాడికి పిల్లనెవరిస్తారని అక్క నవ్వేది. పెరట్లో గోడవార, ఇల్లు కట్టగా మిగిలిన కంకరలో ఆమె నాలుగు వెంపలి మొక్కలు పెంచింది. రైలు కట్ట పక్కన ఎవరూ చూడకపోయినా బతికే మొక్క అది. గోరంత ఊదారంగు పూలు.

"ఈ పిచ్చిమొక్కలేంటక్కా, గులాబీలు పెట్టుకోరాదూ?" అనేవాణ్ణి.

"నువ్వు ఊరందరికీ నీళ్ళు పోసుకో. వీటి జోలికి మాత్రం రాకు," అనేది.

సాయంత్రం ఆరింటికి ఇద్దరం వెనక గుమ్మంలో కూర్చుని టీ తాగేవాళ్ళం.

పోయిన వేసవిలో అక్క పోయింది. ఆరయ్యేసరికి ఏం చెయ్యాలో తోచేది కాదు. బకెట్ పట్టుకున్నాను. రోజూ మొక్కకో బకెట్. ఆకులు పసుపుపచ్చబడితే దాహమనుకుని రెండేసి పోశాను. మూడు మొక్కలు ఎండిపోయాయి. ఒక్కటే మిగిలింది. అదీ పోతే ఆ పెరట్లో అక్క చెయ్యి తగిలినదేదీ ఉండదు.

అక్క చేత కాజాలు కుట్టించుకునే పక్కింటి టైలరమ్మ, అక్క దారాల డబ్బా అడగడానికి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏంటి బాబాయ్, మొక్కకి స్నానం చేయిస్తున్నారా?"

"వాడిపోతోందమ్మా. దాహంగా ఉందేమో."

"దాహం దానికి కాదు, మీ చేతికి!" ఎండిన మొక్కనొకదాన్ని పట్టి లాగింది. వేరు కుళ్ళి మెత్తగా ఊడి వచ్చింది. "అత్త ఒక్క చెంబు పొయ్యడం నేనెప్పుడూ చూళ్ళేదు."

"ముప్పై నాలుగేళ్ళు నీళ్ళిచ్చిన మనిషిని. నాకు నేర్పుతావా?"

"ఊరికిచ్చారు బాబాయ్, కాదన్నానా? ఇది ఊరు కాదుగా."

కోపం వచ్చింది. విసురుగా లోపలికెళ్ళి దారాల డబ్బా తెచ్చాను.

మూత తీస్తే దారపుండల కింద కాగితం పొట్లంలో వెంపలి గింజలున్నాయి. అక్క ఎలా నాటేదో టైలరమ్మే చెప్పింది. గింజ గట్టిది కాబట్టి గరుకు కాగితం మీద కాస్త రుద్ది, ఒక రాత్రి నానబెట్టాలి. వేరు లోతుకు దిగుతుంది కాబట్టి పెరగాల్సిన చోటే నాటాలి, తర్వాత కదపకూడదు. నాలుగాకులు వచ్చేదాకా తడి ఆరాక కొంచెం నీళ్ళు, ఆ పైన వదిలెయ్యాలి.

"వదిలెయ్యడమే కష్టం బాబాయ్," అంది వెళ్తూ. దారాలు పట్టుకెళ్ళింది. బకెట్ కూడా ఇచ్చేశాను.

పోయిన మొక్కల చోట్లలో మూడు గింజలు నాటాను. రెండు మొలిచాయి. వాటికి చెంబుతోనే పోశాను. మిగిలిన పెద్దదానికి పొయ్యడం మానేశాను గానీ చెయ్యి ఊరుకునేది కాదు. ఆరింటికి గుమ్మంలో కూర్చుని మోకాళ్ళు పట్టుకునేవాణ్ణి. పక్కన ఖాళీ పీట. కొన్నాళ్ళు టీ రెండు గ్లాసుల్లో పోసి, ఒకటి తిరిగి గిన్నెలో వంచేవాణ్ణి.

మూడు నెలలకు ఆ పెద్ద మొక్క కొత్త చిగురు వేసింది. మొన్న రెండు పూలు పూసింది. "చూశావా అక్కా" అని పక్కకి తిరిగాను. పీట మీద ఎండ ఉంది.

ముప్పై నాలుగేళ్ళు ఒక్క పూట నీళ్ళు ఆపనివాణ్ణి, తొంభై రోజులు ఆపాను. ఇది ఏ ఇంజనీరుకూ తెలియదు. అందుకని ఇక్కడ రాసి పెడుతున్నాను.