అమ్ముడుపోని చీరకు బిల్లు

జీఎస్టీ వచ్చిన రెండో ఏడు, పెనుకొండలో పన్నుల రిటర్నులు వేసే ఆఫీసు నడుపుతుండగా, ధర్మవరం లక్ష్మీదేవమ్మ లెక్కలు నా చేతికొచ్చాయి. భర్త పోయాక ఆరు పట్టు మగ్గాలను ఒంటిచేత్తో నెట్టుకొస్తున్న మనిషి. ఆమె చీరలన్నీ హిందూపురంలో ఒక పెద్ద షాపుకు పోయేవి. అమ్ముడైతే డబ్బు, లేకపోతే నాలుగు నెలలకు చీర వెనక్కి. అది వాళ్ళ ఆనవాయితీ. అయినా చీరతోపాటే బిల్లు కూడా పంపాలని షాపాయన పట్టు.

బిల్లు రాస్తే మరుసటి నెల ఇరవయ్యో తేదీకల్లా ఆమె పన్ను కట్టాలి, చేతికి పైసా రాకపోయినా సరే. అదే బిల్లు చూపించి షాపాయన తన పన్నులో అంత తగ్గించుకునేవాడు. చీర తిరిగొచ్చినప్పుడు ఆ బిల్లును తగ్గించే క్రెడిట్ నోట్ రాసి, కట్టిన పన్ను సరిచేసుకోవచ్చు. కానీ అది రాస్తే తను తగ్గించుకున్న పన్ను తిరిగి కట్టాలి కాబట్టి, రాస్తే ఇక సరుకే తీసుకోనని షాపాయన బెదిరించేవాడు. నేను ఏడాదిపాటు కిమ్మనకుండా రిటర్నులు వేశాను. నా ఫీజు నాకు అందుతోంది కదా!

ఒకరోజు ఆమె ఆఫీసుకొచ్చి, కూర్చోకుండానే అడిగింది. "పన్ను కడితే కూలికి దుడ్లు లేవు సార్. ఇద్దరు నేతగాళ్ళు బెంగళూరు పోతామంటాండారు. చీరలేమో తిరిగొచ్చి నా ఇంట్లోనే ఉండాయి. అమ్మని చీరకు నేనెందుకు కట్టల్ల?"

సిగ్గేసింది. అమ్ముడైతేనే డబ్బు అనే షరతు మీద పంపే సరుకుకు బిల్లు అక్కర్లేదు, సరుకు పంపినట్టు రాసే డెలివరీ చలాన్ చాలు. అమ్ముడైనప్పుడో, ఆరు నెలలు నిండినప్పుడో, ఏది ముందైతే అప్పుడు బిల్లు రాస్తే సరిపోతుంది. చట్టంలో ఉన్న మాటే అది.

మరుసటి వారం చలాన్ రాసి, చీరల మూటతో ఇద్దరం హిందూపురం వెళ్ళాం. షాపాయన ఆ కాగితం వైపు చూడనైనా లేదు. "బిల్లు లేకుంటే మూట దించొద్దు. ధర్మవరంలో మగ్గాలకేమన్నా కరువాప్పా?" అన్నాడు నాతో. నాకు ఒళ్ళు మండింది. రూలు చదవబోతే లక్ష్మీదేవమ్మ ఆపింది.

"మగ్గాలకు కరువు లేదన్నా. నీ లాభానికి పన్ను కట్టే పిచ్చోళ్ళలో ఈ పొద్దు ఒకరు తగ్గినారు, అంతే" అని మూట తనే ఎత్తుకుంది.

ఆ షాపు మళ్ళీ పిలవలేదు. నేతగాళ్ళిద్దరూ పోనే పోయారు, రెండు మగ్గాలు ఆగాయి. పెనుకొండ, సోమందేపల్లి చిన్న షాపులు చలాన్ మీదే చీరలు తీసుకున్నాయి. అమ్మకం తగ్గినా, మిగిలిన నాలుగు మగ్గాలకు కూలి ఏ నెలా ఆగలేదు. షాపాయన ఊరంతా నన్ను తిట్టిపోస్తే నా దగ్గర రిటర్నులు వేయించుకునేవాళ్ళు కొందరు జారుకున్నారు. పోతే పోనీ. ఇప్పుడైనా అదే చలాన్ రాస్తాను.

నేర్చుకున్నది ఒక్కటే. ఆమెను ముంచబోయింది చట్టం కాదు, షాపాయన ఒక్కడే కాదు. చట్టం తెలిసీ ఏడాదిపాటు నోరు మూసుకుని రిటర్నులు వేసిన నేను కూడా.