లాగుడు లేదు, తోపుడే

మా మేనమామ ఏ పెళ్లిలో నలుగురు దొరికినా ఈ కథ మొదలుపెడతాడు. "మా బావ పెద్ద సైంటిస్టు కావాలనుకున్నడు. లోకంల ఉన్న బలాలన్నీ ఒక్కటే అనుకుంట నోటుబుక్కులు నింపిండు. గా పిచ్చిలనే మందు పేలకముందే బండల నడుమకు నడిచిపోయిండు." చివర నాలుక చప్పరిస్తాడు. విన్నవాళ్లూ చప్పరిస్తారు. తరువాత అందరూ భోజనాలకు లేస్తారు.

ఇది అబద్ధమని నేను అన్నప్పుడల్లా, "నీకు కోపమెక్కువ, కూసో" అంటాడు. కోపం ఎక్కువే. దానికీ, కథ తప్పు కావడానికీ సంబంధం లేదు. మా నాన్న సైంటిస్టు కావాలనుకోలేదు. ఆయన చంద్రపూర్ పక్కనే ఒక ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో షాట్‌ఫైరర్. బండకు రంధ్రం వేయించి, అందులో మందు కూరి, వత్తి అంటించి పేల్చే మనిషి. తాను రోజూ చేసే పనే లోకమంతటా జరుగుతోందని ఆయన నమ్మాడు, అంతే. ఇక పిచ్చి సంగతి. పిచ్చివాడి చేతికి ఇరవై ఏళ్లపాటు పేలుడు మందు ఇచ్చే గని ఎక్కడైనా ఉంటే మామ నాకు చూపించాలి.

ఆయన దేనివల్ల చనిపోయాడన్నది మామకు పెళ్లిపందిట్లో కాలక్షేపం. నాకు కాదు. ఎందుకు కాదో చెప్పాలంటే ముందు ఆ సిద్ధాంతం సంగతి చెప్పాలి.

నాన్న ఆసిఫాబాద్ వైపు తెలుగులో పదో తరగతి వరకు చదివాడు. నా చదువంతా మరాఠీలో. తెలుగు రాయడం, చదవడం ఆయనే నేర్పాడు, అది కూడా తన నోటుబుక్కును ఎవరో ఒకరు చదవాలి కాబట్టి. గని కాలనీలో తెలుగు మాట్లాడే ఇళ్లు చాలా ఉండేవి. చదవగలిగిన వాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నా వయసు వాళ్లలో నేనొక్కదాన్నే.

"బండ ఏడ పగులుతదో చెప్పు బిడ్డా" అని అడిగేవాడు.

"మందు ఉన్న దగ్గర."

"కాదు. మందు కాడ నుగ్గయితది, గంతే. దెబ్బ లోపలికెల్లి పోయి, అవతలి మొఖం దాక పోయి, గాలి తగిలి మర్లుతది. గా మర్లొచ్చే దెబ్బకు బండ చీలుతది. సూసెటోనికి ఎవడో బయటికెల్లి లాగినట్టు ఉంటది. లాగెటోడు ఎవడూ లేడు. లోకంల లాగుడు లేదు, తోపుడే ఉన్నది."

ఇదీ ఆయన మూలసూత్రం. భూమి మనల్ని లాగడం లేదు. అన్ని దిక్కుల నుంచీ ఏదో మనల్ని తోస్తోంది. కింద భూమి అడ్డంగా ఉంది కాబట్టి కింది నుంచి వచ్చే తోపుడు తగ్గుతుంది, పైనుంచి వచ్చేది గెలుస్తుంది, మనం కింద పడతాం. అయస్కాంతం మేకును లాగదు, మేకును వెనక నుంచి ఏదో తోస్తుంది. నేను చంద్రపూర్ కాలేజీలో బీఎస్సీ ఫిజిక్స్‌లో చేరి, ప్రకృతిలో ఉన్నవి నాలుగు బలాలని, రెండు మనకు తెలిసేవి, రెండు పరమాణువు నడిగర్భంలోవి అని చెప్పగానే ఆయన ఆ నాలుగింటినీ తన తోపుడులో కలిపేసుకున్నాడు. దానికి ఒక ఆదివారం పూట చాలింది.

నాకు అది సహించలేదు. ఫీజు కట్టి చదువుతున్నది నేను, విశ్వాన్ని తేల్చేది ఆయనా? ఇంకో ఆదివారం మధ్యాహ్నం, మటన్ కూర ముందు, కాలేజీలో నేర్చుకున్నదంతా తెచ్చి ఆయన మీద వేశాను.

"అన్ని వైపుల నుంచీ తోపుడే అయితే, భూమి పరిగెత్తుతున్నది కదా! ముందు నుంచి వచ్చే తోపుడు దానికి ఎక్కువ తగలాలె. ఎప్పుడో ఆగిపోవాలె. ఎందుకు ఆగలే?"

"ఆగదు."

"ఎందుకాగదు? లెక్క చూపించు. నోటుబుక్కు నిండా బొమ్మలు గీస్తే లెక్క కాదు. ఇది ఫిజిక్స్ కాదు నాన్నా, గోడ మీద పిల్లలు గీసే గీతలు."

స్టీలు గ్లాసు వచ్చి నా కనుబొమకు తగిలింది. రక్తం కంట్లోకి కారింది. నేను నోటుబుక్కు తీసి ఎంగిలి కంచంలోకి విసిరాను. ఆయన లేచి నా చెయ్యి వెనక్కి విరిచాడు. నేను ఆయన మణికట్టు కొరికాను, నోటికి ఉప్పగా తగిలేదాకా. అమ్మ వంటింట్లోంచి అప్పడాల కర్రతో వచ్చి ఆయన భుజం మీద రెండు వేసింది.

"తోపుడే ఉన్నదంటివి గదా! ఇగో తోపుడు! ఇగో ఇంకోటి! లెక్క రాసుకో!"

మా ఇంట్లో ఇలాంటివి కొత్త కాదు. మేం ముగ్గురం చేతులతో మాట్లాడుకునే మనుషులం. ఇప్పుడు ఎవరైనా దీన్ని ముద్దుగా చెప్పుకుంటే నాకు ఒళ్లు మండుతుంది, కనుబొమ మీది కుట్లకు ముద్దేమీ లేదు. కానీ మర్నాడు పొద్దున ఆయన కూర మరకల కాగితాలను పొయ్యి పక్కన ఆరబెడుతూ కూర్చుని, నా వైపు చూడకుండా అన్నాడు.

"భూమి ఎందుకు ఆగదో నాకు తెల్వదు. నువ్వన్నది రాసుకున్న. సరే, నాలుగు ఒక్కటే అయితే నాలుగు లెక్క ఎందుకు కనబడుతున్నయ్? మీ పుస్తకం ఏమంటది?"

ఆయన ఓడిపోయానని చెప్పడం నేను అంతకు ముందు వినలేదు. మనసు మెత్తబడింది. అక్కడే తప్పు చేశాను. నాలుగింటిలో రెండింటిని ఇప్పటికే కలిపి చూపించారని, అన్నీ కలుస్తాయన్నది ఇంకా ఊహే అని చెప్పాను. మొదట్లో అంతా విపరీతమైన వేడిగా ఉన్నప్పుడు అన్నీ ఒకే బలమని, చల్లబడిన కొద్దీ ఒక్కొక్కటే విడిపోయిందని అనుకుంటారన్నాను.

ఆయన ముఖం వెలిగింది. "అంటే మందు ఒకటే. పేలుడే వరుసగ." పెన్ను అందుకుని, "మరి కలిసి ఉన్నప్పుడు లెక్కెట్ల?"

"లెక్క ఉండదు. నువ్వు పది వత్తులు అంటిస్తావు. రెండు ఒక్క క్షణంలో పేలితే చెవికి ఒకటే మోత. తొమ్మిది విన్నంత మాత్రాన పేలినవి తొమ్మిదే అని కాదు."

ఆ ఉదాహరణ ఎక్కడా చదివింది కాదు. ఆయన పనిలోంచే తీసి ఇస్తే తొందరగా ఎక్కుతుందని నేనే ఎంచుకున్నాను.

అందులోని ప్రమాదం గనిలో పని చేసే ఎవరికైనా తెలుస్తుంది. పెద్ద పేలుడు తరువాత షావెల్ యంత్రం ఎత్తలేని బండలు మిగులుతాయి. వాటికి విడివిడిగా రంధ్రాలు వేసి, ఒక్కొక్క దానికీ వత్తి అంటించి షాట్‌ఫైరర్ చాటుకు వస్తాడు. ఎన్ని అంటించాడో అన్ని మోతలు లెక్కపెట్టాలి. ఒకటి తగ్గితే, పేలనిది ఆలస్యంగా పేలొచ్చు కాబట్టి, అరగంట కదలకూడదు. ఎవరినీ కదలనివ్వకూడదు. ఇరవై ఏళ్లు ఆయన ప్రాణం ఆ లెక్క మీదే నిలబడింది. చంద్రపూర్ ఎండలో, అరచేతిని మెడ వెనక పెట్టుకుని, పైకే తెలుగులో ఒకటి, రెండు అని లెక్కపెడతాడని తోటివాళ్లు నవ్వేవాళ్లు.

దేశం తలుపులు తెరుస్తోందని పేపర్లు రాస్తున్న రోజులవి. మా గని తెరిచిన తలుపులోంచి వచ్చింది ఒక కాంట్రాక్టరు, ఒక అద్దె షావెల్, దాని వెనక ఒక సూపర్‌వైజరు. షావెల్ అరగంట నిలబడితే ఆ మనిషి ఒళ్లంతా గజ్జి పుట్టినట్టు గెంతేవాడు. ఒకసారి లెక్క తగ్గింది. నాన్న అరగంట అన్నాడు. "ఏ బుడ్ఢే, చెవులు కడుక్కో, అన్నీ పేలినయ్" అని సూపర్‌వైజరు హిందీలో అరిచి, డ్రైవరుకు ముందుకు రమ్మని చెయ్యి ఊపాడు. నాన్న మందు కూరే కర్రతో అతని ముక్కు మీద కొట్టాడు. ముక్కు పగిలింది. అరగంట తరువాత వెళ్లి చూస్తే ఒక బండలో మందు అలాగే ఉంది. అయినా కాగితం వచ్చింది నాన్నకే: ఇంకోసారి పని ఆగిందని ఫిర్యాదు వస్తే ఆ పని నుంచి తీసేస్తాం అని. మూడు రోజులకు గేటు దగ్గర నలుగురు ఆయన్ని పడేసి తొక్కారు. రెండు పళ్లు అరచేతిలో పెట్టుకుని ఇంటికి వచ్చాడు. ఆ వారమంతా నోటుబుక్కు రాస్తూ కూర్చున్నాడు.

ఆయన చనిపోయిన రోజు మధ్యాహ్నం నేను ఇంట్లోనే ఉన్నాను. మోతలు కాలనీ దాకా వినబడతాయి, కిటికీ ఊచలు అదురుతాయి. విన్నాను. లెక్కపెట్టలేదు. మోతలు ఆగాయి. అమ్మ బట్టలు ఉతకడం మళ్లీ మొదలుపెట్టింది. కాసేపటికి ఇంకొక మోత. అమ్మ చేతిలో తడి చీరతో అలాగే నిలబడింది.

"గిదేంది, అన్నీ అయినంక ఇంకోటి?"

షాట్‌ఫైరర్ పెళ్లానికి ఇంకెవరూ వచ్చి చెప్పనక్కర్లేదు. ఆమె చీర పడేసి గని దారి పట్టింది.

ఆయన్ని దుప్పట్లో తెచ్చారు. ముఖం చూడొద్దని పక్క ఊరు బామ్ని నుంచి పరుగెత్తుకొచ్చిన మామ అమ్మను పట్టుకున్నాడు. అమ్మ అతని చెయ్యి కరిచి దుప్పటి లాగింది. చూసింది. నేనూ చూశాను. ఎడమ వైపు ముఖం లేదు. తరువాత సూపర్‌వైజరు జీపులో కాలనీకి వచ్చాడు, పరామర్శకట. ముక్కు మీద ఇంకా పట్టీ ఉంది. ఆడవాళ్లం బొగ్గు పెళ్లలతో కొట్టాం. జీపు అద్దం పోయింది. నేను విసిరిన పెళ్ల అతని చెవి చీల్చింది. అందుకు నాకు ఈ రోజుకూ పశ్చాత్తాపం లేదు.

పశ్చాత్తాపం విచారణ దగ్గర ఉంది.

బయటి నుంచి ఒక అధికారి వచ్చాడు. సూపర్‌వైజరు నాన్న టిఫిను సంచిలోంచి తీసిన నోటుబుక్కును బల్ల మీద పెట్టి, "పని వేళ ఇవే రాస్తాడు సాబ్, మనసు ఎక్కడుంటది?" అన్నాడు. గుమాస్తా తెలుగువాడే, తెలుగు చదవడం రాదు. మామకూ రాదు. చదవడానికి నన్ను పిలిచారు. చివరి పేజీ, హిందీలో చెప్పమన్నారు.

చివరి పేజీలో ఆయన పెద్ద అక్షరాలతో రాసింది ఇది: తొమ్మిది వినబడితే తొమ్మిదే పేలినవని ఎట్ల అనాలె? రెండు కలిస్తే చెవికి ఒక్కటే. అన్ని బలాలు మొదట గట్లనే కలిసి ఉండె.

దాని కింద ఇంకొక వాక్యం: ఇది నా బిడ్డ చెప్పింది, చదువుకున్న పిల్ల, నిజమే అయ్యుంటది.

పై వాక్యాలు చదివాను. ఆగాను.

"ఇంతేనా?" అని అధికారి అడిగాడు.

"అంతే."

అతను గుమాస్తాకు చెప్పి రాయించాడు: షాట్‌ఫైరర్ తన సొంత నమ్మకం ప్రకారం, అరగంట ఆగకుండా బండల దగ్గరకు వెళ్లాడు. సూపర్‌వైజరు కుర్చీలో వెనక్కి వాలాడు. మామ నా భుజం తట్టాడు. పెళ్లిళ్లలో అతను చెప్పే కథ ఆ గదిలో పుట్టింది, దానికి నోరు ఇచ్చింది నేను. నన్ను కాపాడుకున్నాను. అదే దెబ్బకు సూపర్‌వైజరునూ కాపాడాను. మామతో ఇన్నేళ్లు తగవు పెట్టుకున్నాను గానీ ఈ మాట అతనికి చెప్పలేదు. అమ్మకూ చెప్పలేదు. ఇప్పుడు ఆమె లేదు.

ఆ రోజు నాన్న పక్కన చాటులో ఉన్నది బండలకు రంధ్రాలు వేసే ఒక డ్రిల్లరు, ఛత్తీస్‌గఢ్ వైపు మనిషి. కాంట్రాక్టరు దగ్గర పని కాబట్టి విచారణలో ఏమీ చూడలేదన్నాడు. చాలా ఏళ్లకు అతను ఉప్పర్వాహి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో ఉన్నాడని తెలిసి వెళ్లాను. ఇప్పుడైనా చెప్పు అన్నాను. వయసు మీద పడిన మనిషి, దాచే ఓపిక లేదు.

పది వత్తులు అంటించారట. నాన్న ఎప్పటిలాగే పైకే లెక్కపెట్టాడట. మోతలు ఆగగానే సూపర్‌వైజరు వెనక నుంచి వచ్చి నాన్న కాలరు పట్టుకుని ఊపాడట. "పది అయినయ్, నడువు, లేకపోతే ఈ రోజే ఇంటికి" అన్నాడట. నాన్న అతన్ని ఒక్క తోపు తోసి, గని గోతి వైపు ఒకసారి చూసి, ఏదో ఒక్క మాట అని, నడిచాడట.

"ఏం మాట?"

"మీ భాష, బేటీ. నాకేం తెలుసు?"

"ఎంతవరకు లెక్కపెట్టాడు?"

"నాకు మీ అంకెలు రావు."

అతని ముందు కూర్చుని ఒకటి నుంచి పది వరకు తెలుగులో చదివాను, నెమ్మదిగా, మూడుసార్లు. ఎక్కడ ఆగాడో చెప్పమన్నాను. అతను కళ్లు మూసుకుని విన్నాడు, తల అడ్డంగా ఊపాడు. "అన్నీ ఒకేలా ఉన్నాయి" అన్నాడు.

పది లెక్కపెట్టి ఉంటే గోతి గోడల నుంచి మర్లి వచ్చిన ప్రతిధ్వని ఆయన చెవిని మోసగించింది, అందులో ఎవరి తప్పూ లేదు. తొమ్మిదే లెక్కపెట్టి నడిచి ఉంటే, కాలరు పట్టిన చెయ్యి నడిపించింది, లేదా నా మాట నడిపించింది. లేదా రెండూ కలిసి ఒక్కసారే తగిలాయి.

నాన్నా, నువ్వు ఎన్ని లెక్కపెట్టినవ్?