దస్తగిరి మామ కంచెలో సందు లేదు

మా చిన్నప్పుడు... పరిగి దగ్గర మా శనక్కాయ చేనికి కంచె వేయాలంటే దస్తగిరి మామే రావాలి. ముందు పిడికెడు మట్టి తీసుకుని నలిపి చూసేవాడు. ఆ తర్వాతే గడ్డపార ముట్టుకునేవాడు.

పైచేను ఎర్ర గరుసు నేల. అక్కడ మోకాటిలోతు గుంత తీసి, కంచెకు స్తంభంగా రాతి కూసం నిలబెట్టి, చుట్టూ గరుసూ గులకరాళ్లూ పోసి దిమ్మిసతో కొట్టేవాడు. సిమెంటు చిటికెడు కూడా లేదు. ఒక్క వాన పడిందంటే ఎద్దు వచ్చి ఒరుసుకున్నా ఆ రాయి కదలదు. కిందిచేను నల్లమన్ను... ఎండకు నెర్రెలిచ్చి, వానకు ఉబ్బి, నాటిన రాయిని అదే పక్కకు నెట్టేస్తుంది. అందుకని అక్కడ గట్టు పోసి కత్తుల్లాంటి ఆకుల కిత్తనార నాటేవాడు. పైచేను కూసాల మధ్య రేగుకంప. గాలి కొట్టే వైపు ఎప్పుడూ మొదళ్లే పెట్టేవాడు. కొనలు పెడితే ఆషాఢం గాలికి కంపంతా లేచి పక్కవాళ్ల చేలో పడుతుంది.

ఒక మూల మాత్రం మనిషి పట్టేంత సందు వదిలి, దానికి విడిగా ఒక కంపమండ అడ్డం పెట్టేవాడు. పంట ఇల్లు చేరగానే ఆ మండ తీసేసేవాళ్లు. తీశారంటే ఊళ్లో ఆడవాళ్లు వచ్చి పరిగె ఏరుకోవచ్చని అర్థం... మట్టిలో తెగి మిగిలిన కాయలను కలుపు తీసే తొలికలతో తవ్వుకునేవాళ్లు. మా పెద్దల మనసు ఎంత గొప్పదో అని ఎవరూ కామెంటు పెట్టకండి. ఆ చేలో కలుపు తీసింది ఆ ఆడవాళ్లే, చెట్టు పీకింది ఆ ఆడవాళ్లే.

నాకు పదేళ్లప్పుడు వానలు ముఖం చాటేశాయి. నేల బిగుసుకుపోయి, చెట్టు పీకితే సగం కాయ మట్టిలోనే ఉండిపోయింది. ఆ సగాన్నీ మనమే తవ్వించుకుందామని నాయన సందు మూసేయమన్నాడు.

మామ తలగుడ్డ విప్పి మళ్లీ చుట్టుకున్నాడు.

"మూస్తాలేప్పా. ఇంతవరకు తెరిసేదే నేర్చుకున్యా. ఈపొద్దు మూసేది నేర్చుకుంటా."

మూశాడు. కంప మీద కంప అల్లి, పైన బండలు పెట్టి... పిల్లి కూడా దూరలేనట్టు.

సెలవు కదా, కాపలాకు నన్ను చేను గట్టున కొట్టంలో కూర్చోబెట్టారు. మూడోరోజు పొద్దున చూస్తే మామ భార్య మాబున్ని అత్త చేలో కూర్చుని తవ్వుకుంటోంది. ఎట్లా వచ్చినావు అత్తా అని అడిగాను. దాచలేదు. మూసిన చోటే బండలు దించి, మండలు వరసగా తీసి, లోపలికి వచ్చాక మళ్లీ ఎలా ఉన్నవి అలాగే పెట్టేసిందట.

"మీ మామ యా మండతో అల్లేది ఎత్తుకుంటాడో నాకు తెల్దా పాపా? ఇరవై ఏండ్లుగా ఆయప్ప చేతిలో ముండ్లు తీస్తాండేది నేనే. ఇంగెవురన్నా పీకితే చెయ్యి చీరుకపోతాది."

నవ్వి, నా గౌనులో రెండు దోసిళ్ల కాయలు పోసింది. అన్నీ తిన్నాను. తిని, ఇంటికి పోయి నాయనకు చెప్పాను... అత్త చేలో ఉందని మాత్రం. ఎలా వచ్చిందో చెప్పలేదు. అది చెబితే కాయలు తిన్న సంగతీ బయటపడుతుందని భయం.

నాయన కూలీలందరి ముందు మామను నిలదీశాడు. పెండ్లాం కోసం దొంగ సందు వదిలి కట్టినావు కదా అన్నాడు.

మామ కంచె దగ్గరికి పోయి ఒక్కో మండా లాగి చూశాడు. తన పని మీద తనకే అనుమానం వచ్చినట్టు... ఒక చోట చెయ్యి ఆగింది. ఆ మండలు విప్పి పెట్టింది ఎవరో ఆయనకు అప్పుడే తెలిసిపోయి ఉండాలి.

"నేను కట్టిన దాంట్లో సందు లేదప్పా" అన్నాడు.

"అయితే నీ పెండ్లాం ఎగిరొచ్చినాదా?"

కూలీలు నవ్వారు. మామ నిజం చెబితే భార్య దొంగ అవుతుంది. చెప్పకపోతే తన పని దొంగపని అవుతుంది. ఆ రెండోదే నెత్తికెత్తుకున్నాడు. నేను నాయన పక్కనే ఉన్నాను. ఒక్క మాట చాలు... నోరు విప్పలేదు.

దొంగ సందు వదులుతాడనే పేరు పడ్డాక మామను చుట్టుపక్కల ఎవరూ కంచెకు పిలవలేదు. పెనుకొండ వైపు రాళ్లు కొట్టే పనికి పోయాడు. మరుసటేడు నాయన వేరేవాళ్లను పెట్టి పైచేనికీ కిందిచేనికీ ఒకే తీరున సిమెంటు పోసి కూసాలు నాటించాడు. రెండు వానలకు నల్లమన్నులో కూసాలన్నీ తాగినవాళ్లలా ఒరిగాయి. అప్పుడూ నాయన తిట్టింది మామనే... వాడు సక్కంగా ఉండింటే ఈ గతి పట్టేదా అని.

పోయినేడు ధర్మవరంలో ఒక పెళ్లిలో మాబున్ని అత్త కనబడింది. మామ పోయి చాలా ఏళ్లయిందట. ఆ రోజు నాయనకు చెప్పింది నేనే అత్తా అన్నాను.

"తెలుసులేమ్మా. చేన్లో ఉన్నింది నువ్వొక్కదానివే కదా. చిన్నదానివి, చెప్పినావు, పోనీ. పెద్దయినాంకన్నా మీ నాయనకు నిజం చెప్పింటే ఆయప్ప పేరు ఆయప్పకు వచ్చిండేది." మళ్లీ తనే అంది. "మీటింగుల్లో అందరి కోసరం బాగా మాట్లాడతావంట కదా."

భూమి గురించి, కూలి గురించి ఇక్కడే నేను ఎంతమందితో కొట్లాడానో మీకు తెలుసు. మా నాయన నా పెళ్లి చూశాడు, మనవలను చూశాడు, అన్నేళ్లు బతికాడు. ఆయనతో ఈ ఒక్క మాట అనలేకపోయాను. అమాయకత్వం అని నన్ను ఓదార్చకండి. పదేళ్ల వయసులో అయితే సరే. నలభై ఏళ్లకు దాన్ని పిరికితనం అంటారు. అవతలివాళ్లను నేను రోజూ అనే మాటే అది.

ఇప్పుడు మా చేను చుట్టూ ఇనుపజాలి. అది వేయడానికి ఒప్పుకుని సంతకం పెట్టిన వారసుల్లో నేనూ ఉన్నాను. హిందూపురం రోడ్డు పొడవునా అంతే... తోటలకు జాలి, ప్లాట్లకు జాలి. పరిగె అంటే ఏమిటని మా అమ్మాయి అడిగింది.

ఆ రోజు నవ్విన కూలీల పిల్లలు ఎవరైనా ఇది చదువుతుంటే మీ ఇళ్లలో చెప్పండి. దస్తగిరి మామ కట్టిన కంచెలో సందు లేదు. ఆయన పని శుభ్రంగా ఉండింది.

మీ ఇంట్లోనూ ఎవరి పేరైనా ఇలా పోయి ఉంటే, నిజం మీకు తెలిసి ఉంటే... కింద రాయండి. నాకన్నా ముందుగా రాయండి, వినాల్సిన మనిషి ఇంకా ఉండగానే.